బిడారు ఆగింది, పాట ఆగలేదు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీదున్న మూడు స్టేషన్లు. బెంగళూరులో గుంతకల్లు వైపు పోయే బండి ఎక్కితే ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఈ పట్టాలు పడింది 1890లలో. అంతకు ముందు ఈ సీమలో ఉప్పు గానీ, ధాన్యం గానీ దూరం కదిలిందంటే ఎద్దు వీపు మీదే కదిలింది. ఆ ఎద్దుల వెంట నడిచిన వాళ్లలో మా సుగాలీలు ముఖ్యులు. రైలు వచ్చాక ఎద్దుల బారు ఆగిపోయింది. నడిచినవాళ్లు గుట్టల వారన, చెరువుల కింద, అడవి అంచున కూచుండిపోయారు. వాళ్ల పాట మాత్రం ఆగలేదు.

ఈ వ్యాసంలో మేము ఆ పాట చరిత్రే చెప్పదలిచాం. పదిమంది ఆడవాళ్లు చేతులు కలిపి వలయంగా తిరుగుతూ పాడే ఆ పాటను ఈ రోజు బడి వార్షికోత్సవంలో, ఆగస్టు 15న, జనవరి 26న 'లంబాడీ డాన్సు' అంటున్నారు. అద్దాల రవికలు, గాజులు, చప్పట్లు ఉంటాయి. పాట మాత్రం స్పీకరులోంచి వస్తుంది, అదీ చాలాసార్లు సినిమా పాటే. పిల్లల నోరు కదలదు. ఇది చిన్న విషయంగా కనబడవచ్చు. కానీ రాత లేని జనానికి పాటే చరిత్ర పుస్తకం. పుస్తకం పోయి అట్ట మిగిలితే ఏం చదువుతాం?

ఈ ప్రశ్న మనకొక్కరికే రాలేదు. పశువుల వెంట బతికిన ఇంకొక జనం, మంగోలియా గడ్డినేలల వాళ్లు, తమ పాటను ఆరుబయట నుంచి వేదిక మీదికి తెచ్చుకున్నారు. ఆ పాటల మీద కట్టిన బృందగానాలను ఈ రోజు ఎన్నో దేశాల గాయక బృందాలు పాడుతున్నాయి. వాళ్లకు ఏం దక్కింది, ఏం దక్కలేదు అని చూస్తే మనకు దారి తెలుస్తుంది. ముందు మన ఇంటి సంగతి చూద్దాం.

నడిచే ఊరు

ఈ రోజు తాండా అంటే సుగాలీల ఊరు. వెనకటి రోజుల్లో తాండా అంటే ఎద్దుల బిడారే. పెరిక ఎద్దుల మీద గోనెలు వేసుకుని, ఆడామగా పిల్లాజెల్లా అంతా కలిసి నడిచే గుంపునే తాండా అన్నారు. దాని పెద్ద నాయక్. సరుకు ఎత్తుకుని నడిచే ఆ బతుకును మా గోర్ బోలీలో లదేణి అంటారు. తీరంలో ఉప్పు ఎత్తుకుని లోనాడులో దింపడం, లోనాడులో ధాన్యం ఎత్తుకుని కరువున్న చోట అమ్మడం వాళ్ల పని. లంబాడీ అనే పేరు లవణం నుంచి వచ్చిందని చెప్పేవాళ్లు అందుకే ఉన్నారు.

రాజులకు ఈ బిడారు లేకుండా యుద్ధం జరగలేదు. మొగలు సైన్యాలు దక్కనుకు వచ్చినప్పుడు వాటికి తిండి మోసింది బంజారాలు. 1791-92లో కార్న్‌వాలిస్ టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నం పోయినప్పుడూ బంజారాల ఎద్దులే ధాన్యం అందించాయి. జాన్ బ్రిగ్స్ అనే కంపెనీ సైనికాధికారి బంజారాల పుట్టుక గురించి, అలవాట్ల గురించి రాసిన వ్యాసం 1819లో అచ్చయింది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటి నుంచి దీనికి దత్తమండలం అనే పేరు పడింది. దొరలు ఆ దత్తమండలానికి పన్ను లెక్కలు కట్టారు. దారి వెంట సాగిన పాటకు లెక్క ఎవరూ కట్టలేదు.

మా దగ్గరే ఉన్న లేపాక్షి గుడి చూడండి. పెనుకొండలో విజయనగర రాజుల కింద అధికారిగా ఉన్న విరూపణ్ణ 16వ శతాబ్దంలో కట్టించింది. అక్కడి నాట్యమండపంలో రంభ నాట్యమాడుతుంటే దేవతలు వాద్యాలు వాయిస్తున్నట్టు స్తంభాల మీద చెక్కారు. రాజుల కాలపు సంగీతానికి అలా రాతి సాక్ష్యం ఉంది. అదే దారిన గోనెలు మోసుకుంటూ పోయినవాళ్ల సంగీతానికి రాయీ లేదు, రాగిరేకూ లేదు. దానికి సాక్ష్యం మన యాడీల గొంతు ఒక్కటే.

మా జనం గురువుగా కొలిచే సేవాలాల్ మహారాజ్ 1739 ఫిబ్రవరి 15న గుత్తి దగ్గరి గొల్లలదొడ్డిలో పుట్టాడని మా పెద్దల మాట. ఇప్పుడు ఆ చోటును సేవాగఢ్ అంటాం. ఆయన బతుకు కూడా మనకు వచ్చింది పాటగానే. భోగ్ చేసి, నంగారా వాయించి, ఒకరు ముందు చెబితే మిగతావాళ్లు వంత పాడే భజనల్లోనే ఆయన ఆవుల మంద, ఆయన నడిచిన దారులు, ఆయన చెప్పిన నీతులు నిలిచాయి.

పాట చేసిన పని

సుగాలీ పాట వినోదం కోసం పుట్టింది కాదు. ప్రతి పాటకూ ఒక పని ఉంది, ఒక కాలం ఉంది. హోళీకి లేంగి పాడతారు. ఒక జట్టు ఒక చరణం అంటే ఎదుటి జట్టు జవాబు చెబుతుంది. ఎగతాళి, పొడుపు, వరసలాడటం అన్నీ అందులో ఉంటాయి. శ్రావణంలో తీజ్ చేసే తాండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాడతారు. మొలక ఎంత పచ్చగా వస్తే తాండాకు అంత మంచిదని నమ్మకం. పెళ్లిలో పిల్లను సాగనంపేటప్పుడు ఢావలో వస్తుంది. అది పాటా కాదు, ఏడుపూ కాదు, రెండూ కలిసినది. పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకుని, వాళ్లతో తన బంధం ఏమిటో చెబుతూ ఏడుస్తుంది. చివర పిల్లను ఎద్దు మీద నిలబెడతారు. ఆమె చేతులెత్తి పుట్టింటికి దీవెన చెబుతూ పాడేదే హవేలి.

ఆ ఎద్దు అక్కడెందుకుంది అని మన పిల్లలు అడగాలి. లదేణి పోయి నూరేళ్లు దాటినా పెళ్లిలో ఎద్దు మిగిలింది. ఎందుకంటే ఒకప్పుడు పిల్ల అత్తింటికి పోవడమంటే ఒక బిడారు వదిలి ఇంకొక బిడారులో కలవడం. ఆ రెండు బిడార్లు మళ్లీ ఎప్పుడు ఎదురుపడతాయో ఎవరికీ తెలియదు. అందుకే ఆ ఏడుపులో అంత బరువు. ఈ సంగతి ఏ గెజెటులోనూ దొరకదు, పాటలో దొరుకుతుంది. ఢావలో పేరుతోనే తెలుగులో కథల పుస్తకం తెచ్చిన నిజామాబాద్ జిల్లా యువ రచయిత రమేశ్ కార్తీక్ నాయక్‌కు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మన పాట పేరు తెలుగు సాహిత్యంలో అలా చోటు సంపాదించింది.

ఇక పాడే తీరు. మగవాళ్లు నంగారా కొడతారు, కంచు పళ్లెం మోగిస్తారు. ఆడవాళ్లు వలయం కడతారు. వలయంలో సగం మంది ఒక చరణం ఎత్తుకుంటారు, అది ముగిసే లోపే మిగతా సగం అందుకుంటారు. కాబట్టి పాటలో ఎక్కడా ఖాళీ ఉండదు. ఒకరికి ఊపిరి అయిపోతే ఇంకొకరి ఊపిరి నిలబెడుతుంది. దూరం నడిచే జనం పాట అలాగే ఉంటుంది. అందరూ ఒకే వరస పాడతారు, కానీ ముసలామె గొంతు కాస్త కిందగా, పడుచుపిల్లల గొంతు పైగా, ఒకామె కాస్త ముందు, ఇంకొకామె కాస్త వెనక. సంగీతం చదివినవాళ్లకు అది శ్రుతి తప్పినట్టు తోచవచ్చు. అది తప్పు కాదు, ఆ పాట అల్లికే అది.

దారి మూసుకుపోయినప్పుడు

ఈ బతుకు ఒక్కరోజులో కూలలేదు. 1805లో కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్త సొత్తు చేసుకుంది. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది, ఎద్దులు మేసే నేల మీద కట్టడి పడింది. అదే ఏడు బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు. 1890లలో రైలు వచ్చింది. వందల ఎద్దులు వారాల తరబడి మోసే సరుకును బండి ఒక్క రోజులో చేర్చింది. తక్కువ కూలికి, తక్కువ కాలంలో.

పని పోయినవాడు తిరిగితే దొంగ అన్నారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. దాని కింద పేరు ఎక్కినవాళ్లు పోలీసుల ముందు హాజరు చెప్పుకోవాలి, అనుమతి లేకుండా ఊరు కదలకూడదు. ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన స్టువర్టుపురం సెటిల్మెంటు 1913లో మొదలయింది. సుగాలీలూ, యానాదులూ, ఎరుకలవాళ్లూ ఆ మచ్చ మోశారు. 1952లో ఆ చట్టం పోయింది. 1956లో ఆంధ్ర ప్రాంతపు సుగాలీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. తెలంగాణ లంబాడీలకు ఆ హోదా రావడానికి 1976 చట్టం దాకా పట్టింది.

కదలడమే నేరమైన ఆ నలభై ఏళ్లలో, కదలిక మీద పుట్టిన పాట ఎలా బతికింది? ఇంటిలోపలికి, పండగలోపలికి, పెళ్లిలోపలికి పోయి బతికింది. మగవాళ్ల దారి పాటలు చాలావరకు తగ్గిపోయాయి, ఆడవాళ్ల పాటలు నిలిచాయి. ఈ రోజు మనకు సుగాలీ పాట అంటే ఆడవాళ్ల వలయమే గుర్తుకు రావడానికి ఇదొక కారణమని మేము అనుకుంటున్నాం.

గడ్డినేల నుంచి వేదిక దాకా

ఇప్పుడు మంగోలియా సంగతికి వద్దాం. మంగోలు జనం ముఖ్యంగా రెండు చోట్ల ఉన్నారు. ఒకటి మంగోలియా దేశం, రెండోది చైనాలో భాగమైన ఇన్నర్ మంగోలియా. వాళ్లది గుర్రం, గొర్రె, ఒంటె, గడ్డినేల. ఊరూరా కాక మేతమేతకూ తిరిగే బతుకు.

వాళ్ల పాటలో పెద్దది 'ఊర్తిన్ దూ', అంటే పొడుగు పాట. పొడుగంటే చరణాలు ఎక్కువని కాదు. మాటలు కొన్నే, ఒక్కొక్క అక్షరాన్నే ఆలాపనతో గాలిలో సాగదీస్తారు. ఎదురుగా గోడ గానీ చెట్టు గానీ లేని మైదానంలో గొంతు ఎంత దూరం పోతుందో అంత దూరం పంపడం ఆ పాట లక్షణం. రెండోది హూమీ. ఒకే గొంతు నుంచి ఒకేసారి రెండు స్వరాలు వస్తాయి. కింద తుమ్మెద రొద లాంటి నిలకడ స్వరం, పైన ఈల లాంటి స్వరం. మూడోది మొరిన్ హూర్, గుర్రం తల చెక్కిన రెండు తీగల వాద్యం. పొడుగు పాటను మంగోలియా, చైనా కలిసి ముందుకు తేగా 2005లో యునెస్కో మానవాళి వారసత్వంగా ప్రకటించింది. మంగోలియా హూమీ 2010లో ఆ జాబితాలో చేరింది.

ఆ పాట వేదిక ఎక్కిన తీరు మనం గమనించాలి. నమ్‌జిలిన్ నొరొవ్‌బన్‌జాద్ అనే పొడుగు పాట గాయని పశుకాపరుల బిడ్డ. 1957లో మాస్కోలో జరిగిన ప్రపంచ యువజనోత్సవంలో ఆమె బంగారు పతకం గెలిచింది. అదే 1957లో ఇన్నర్ మంగోలియాలో 'ఉలాన్ ముచిర్' పేరుతో తిరుగుడు కళాబృందాలు మొదలయ్యాయి. వాళ్లు బండ్ల మీద, గుర్రాల మీద కాపరుల గుడారాల దగ్గరికే పోయి ఆడి పాడారు. ప్రభుత్వ ప్రచారం అందులో ఉంది. జనం పాటా ఉంది.

ఆ తర్వాతి మెట్టు బృందగానం. 1987లో ఇన్నర్ మంగోలియా యువ గాయక బృందం ఏర్పడింది. దాన్ని నడిపినామె యాలుంగెరిలె. యూరప్ పద్ధతిలో గాయకులను నాలుగు పాయలుగా నిలబెడతారు. ఆడవాళ్లలో పై గొంతు, కింది గొంతు, మగవాళ్లలో పై గొంతు, కింది గొంతు. ఒకే పాటను నాలుగు పాయలు నాలుగు వేర్వేరు స్వరాల వరసల్లో ఒకేసారి పాడతాయి. మంగోలు పాటకు ఇది కొత్త. కానీ వాళ్లు పాతదాన్ని కొత్త అచ్చులో పోసి వదిలేయలేదు. అచ్చునే తమ పాటకు తగ్గట్టు వంచారు. హూమీలోని నిలకడ స్వరాన్ని మగవాళ్ల కింది పాయకు ఇచ్చారు. పొడుగు పాట ఆలాపనను ఒక్క గొంతుకు ఇచ్చి మిగతా బృందాన్ని దాని కింద నేల లాగా పరిచారు. సె ఎంఖ్‌బయార్ అనే స్వరకర్త చింగిస్ ఖాన్ ఎనిమిది గుర్రాల మీద కట్టిన 'నైమన్ షరగ్' ఇందుకు మంచి ఉదాహరణ. వాద్యం ఒక్కటీ లేకుండా, గొంతులతోనే గుర్రపు డెక్కల చప్పుడు, పరుగు వినిపిస్తాయి. ఈ రోజు మంగోలు భాష రాని బృందాలు కూడా ఆ పాటను నేర్చుకుని పాడుతున్నాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఆ బృందగానంలో గుర్రం బొమ్మ లేదు, గుర్రం నడక ఉంది. మన వేదిక మీద అద్దాల రవిక ఉంది, ఎద్దు నడక లేదు. రెంటికీ ఉన్న తేడా అంతా అదే.

తెలుగు నేల మీద బృందగానం

మన దగ్గర ఇలాంటి ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. మా సీమలో చెక్కభజన, కోలాటం, పండరి భజన ఊరూరా ఉన్నవే. ఒకరు ముందు చెప్పడం, బృందం వంత పాడటం, అడుగు, తాళం, పాట ఒకటిగా కలవడం వాటి పద్ధతి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథ వంటి పాత రూపాలను తీసుకుని కొత్త సంగతులు చెప్పింది. ఆ బుర్రకథను దేశమంతా ఎరిగేలా చేసిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను గిరిజన రైతుల పోరాటానికి గొంతు చేశాడు. వీళ్లంతా జనం రూపాన్ని జనం కోసం వాడారు. కానీ పాట భాష తెలుగు. సవర, కోయ, గోర్ బోలీ మాటలు ఆ వేదికల మీదికి వచ్చింది తక్కువ.

పాయలుగా పాడే బృందగానానికి దక్షిణాదిలో పేరు తెచ్చినవాడు మన చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్. సినిమాలకు సంగీతం కట్టిన ఆయన 1971లో మద్రాస్ యూత్ కోయిర్ స్థాపించాడు. మన దేశపు వరసలను మన భాషల్లోనే, వేర్వేరు పాయలుగా పాడించవచ్చని చూపించాడు. మన సంగీతం ఒకే వరసది, దానికి పాయలు పనికిరావు అనేవాళ్లకు ఆయన బృందం జవాబు. రాయలసీమలో పుట్టిన మనిషి వేసిన ఆ దారిని మన గిరిజన బడులు ఇంకా తొక్కలేదు.

గిరిజన కళాకారులకు గుర్తింపు రాలేదని కాదు. గుస్సాడీ కనకరాజుకు 2021లో, కోయల కథను డోలు మీద పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. పతకం మనిషికి వచ్చింది. ఆ మనిషి నోట ఉన్నది పదిమంది పిల్లల నోటికి చేరితేనే పాట బతికినట్టు.

వేదిక ఒక్కటే చాలదు

మంగోలు కథలో రెండో సగం కూడా చెప్పకపోతే మేము సగం అబద్ధం చెప్పినవాళ్లమవుతాం. 2020 సెప్టెంబరులో ఇన్నర్ మంగోలియా బడుల్లో కొన్ని పాఠాలను మంగోలు భాష నుంచి చైనా భాషకు మార్చారు. తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించి నిరసన తెలిపారు. అయినా మార్పు ఆగలేదు. ఒకవైపు గాయక బృందం దేశదేశాల్లో మంగోలు పాట పాడుతోంది, ఇంకొకవైపు అదే జనం పిల్లల బడిలో ఆ భాషకు చోటు తగ్గింది. వేదిక పెద్దదైనంత మాత్రాన భాష నిలవదు. చప్పట్లు కొట్టేవాళ్లు ఉన్నా, రేపు ఆ మాటల అర్థం తెలిసినవాళ్లు ఉండాలి కదా.

ఇంకొక సంగతి. తల్లి ఒంటె తన పిల్లను దగ్గరికి రానీయకపోతే మంగోలు కాపరులు దాని పక్కన కూచుని పాట పాడి మనసు కరిగిస్తారు. ఈ ఆచారాన్ని 2015లో యునెస్కో, తక్షణం కాపాడవలసిన వాటి జాబితాలో చేర్చింది. కారణం స్పష్టమే. ఒంటెలను మేపే ఇళ్లు తగ్గితే ఆ పాటకు పని లేదు. పని లేని పాటను వేదిక ఎంతకాలం మోస్తుంది? ఎద్దు లేని పెళ్లిలో హవేలి సంగతీ ఇంతే.

మన స్థితి వాళ్లకంటే మెరుగ్గా లేదు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీని మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 32 లక్షలకు పైగా ఉన్నారు. కానీ ఆ లెక్కను హిందీ భాష కింద కలిపి చూపారు. మన భాషకు సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన బహుభాషా విద్యలో బంజారా భాష కూడా ఉంది. తెలుగు లిపిలోనే వాచకాలు తయారయ్యాయి. గోర్ బోలీని తెలుగు అక్షరాలతో చక్కగా రాయవచ్చని ఆ పని రుజువు చేసింది. మేము పాఠం చెప్పిన తాండా బడుల్లో ఆ పుస్తకాలు మాకు కనబడలేదు. మా పిల్లలు ఒకటో తరగతిలో తెలుగుకు, ఆ వెంటనే ఇంగ్లీషుకు మారిపోతారు. యాడి పాడేది వినబడుతుంది, అర్థం సగమే తెలుస్తుంది.

పైగా వలస. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాపు వాన పడే నేల మాది. వేరుశనగ పండని ఏడు తాండా సగం ఖాళీ అవుతుంది. బెంగళూరు కట్టడాలకు పోతారు. హిందూపురం ఫ్యాక్టరీలకు, పెనుకొండ దగ్గర 2019లో కార్లు తయారవడం మొదలైన ఫ్యాక్టరీ చుట్టూ పుట్టిన పనులకు, ధర్మవరం పట్టు మగ్గాలకు కొందరు పోతారు. ఇదీ లదేణే అనవచ్చు. కానీ పాత లదేణిలో తాండా అంతా కలిసి కదిలింది, కాబట్టి పాటా కలిసి కదిలింది. ఇప్పుడు అమ్మానాన్న ఒక చోట, పిల్లలు హాస్టల్లో, అవ్వ తాండాలో. వలయం కట్టడానికి మనుషులే ఒక చోట లేరు.

బడిలో చేయగలిగింది

ఇంతవరకు చదివిన ఉపాధ్యాయులు, చదువుకున్న తమ్ముళ్లు చెల్లెళ్లు అడిగేది ఒకటే: మరి మనం ఏం చేయాలి? పెద్ద నిధులు, పెద్ద సంస్థలు లేకుండానే చేయగలిగింది కొంత ఉంది.

మొదటిది, పాటను రాసుకోవడం. ప్రతి పిల్లా తన ఇంట్లో ఒక పాట అడిగి తెలుగు అక్షరాల్లో రాసుకు రావాలి. కింద పాడినామె పేరు, తాండా పేరు, ఏ సందర్భంలో పాడతారో రాయాలి. 'జానపదం' అని ఒక్క మాటతో సరిపెట్టకూడదు. పాడినామెకు పేరుంది. ఆమె వద్దంటే ఆ పాట బయటికి రాకూడదు.

రెండోది, ఏది వేదిక ఎక్కాలి, ఏది ఎక్కకూడదు అని పెద్దలతో కూచుని తేల్చుకోవడం. లేంగి, తీజ్ పాటలు పదిమందిలో పాడేవే. ఢావలో అలాంటిది కాదు. పెళ్లి లేకుండా ఢావలో ఎత్తుకోకూడదనే యాడీలు ఉన్నారు. వాళ్ల మాట వినాలి. బహుమతి కోసం ఏడుపును ప్రదర్శన చేయడం మన పద్ధతి కాదు. ఢావలోను పాఠంగా చదువుకుందాం, దాని చరిత్ర చెప్పుకుందాం, వేదిక మీద ఆడవద్దు.

మూడోది, స్పీకరు ఆపి నోరు తెరిపించడం. వారానికి ఒకరోజు ప్రార్థన సమావేశంలో ఒక సుగాలీ పాట, ఒక ఎరుకల పాట, పక్క ఊరి చెక్కభజన పాట ఒకటి వంతులవారీగా పాడించవచ్చు. తాండా పిల్లలు ఊరి పిల్లలకు నేర్పాలి, ఊరి పిల్లలు తాండా పిల్లలకు నేర్పాలి. తన భాషను తరగతిలో మొదటిసారి గురువు స్థానంలో నిలబడి పలికిన పిల్ల తల ఎత్తుకునే నడుస్తుంది.

నాలుగోది, పాయలుగా పాడించి చూడటం. పియానో అక్కరలేదు. తరగతిని మూడు జట్లు చేయండి. ఒక జట్టు, ముఖ్యంగా గొంతు మారుతున్న మగపిల్లలు, ఆధార స్వరం ఒక్కటే నిలకడగా పట్టాలి. మిగతా రెండు జట్లు మన వలయం పద్ధతిలోనే చరణం అందిపుచ్చుకోవాలి, ఒకరు ముగించే లోపు ఇంకొకరు. అరచేత్తో బల్ల మీద ఎద్దుల బారు నడక కొట్టించండి. మెడలో గంట ఊగే నెమ్మది తాళం అది. శ్రుతి పెట్టె చెప్పిన ఎత్తుకు కాక అవ్వ ఎత్తుకున్న ఎత్తుకే పాడించండి. ఇది మంగోలు వాళ్లను కాపీ కొట్టడం కాదు. తమ పాటలో ముందే ఉన్నదాన్ని వాళ్లు పాయలుగా విప్పుకున్నారు, మనమూ మన పాటలో ఉన్నదాన్నే విప్పుకుంటున్నాం.

ఐదోది, పాటను చరిత్ర పాఠంతో కలపడం. ఉప్పు గుత్త, రైలు, అడవి చట్టం, నేరస్థ తెగల చట్టం పుస్తకంలో నాలుగు ముక్కలుగా ఉంటాయి. పెళ్లిలో ఎద్దెందుకు అనే ఒక్క ప్రశ్న ఆ నాలుగింటినీ ఒక దారంలో గుచ్చుతుంది. పరీక్షకు చదివినది మరచిపోయినా, తన యాడి పాట ద్వారా తెలిసింది పిల్ల మరచిపోదు.

పక్కనే కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బట్టకు గుర్తు దొరికింది, మంచిదే. పాటకు అలాంటి ముద్ర ఏ కార్యాలయమూ వేయలేదు. పాటకు ముద్ర నాలుక మీదే పడాలి. ఆ నాలుక తాండాలో అవ్వది, బడిలో మనవరాలిది. ఆ ఇద్దరి మధ్య ఇప్పుడున్న దూరం ఒక తరం. ఆ దూరాన్ని నడిపించగల దగ్గరి మనిషి తాండా బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడే, ఉపాధ్యాయురాలే. ఈ సేవాలాల్ జయంతికి మీ బడిలో పిల్లలు స్పీకరు లేకుండా ఒక్క లేంగి పాడితే చాలు, మిగతాది అక్కడి నుంచి నడుస్తుంది.